రాగి మీద పడ్డవి

మా గ్రూపులో ఎవరు ఏ బొమ్మ తెర మీద పెట్టినా వెనక వరసలోంచి ఒకటే ప్రశ్న వచ్చేది. "గోడెక్కడ?"

అడిగేది గోడ బాబాయ్. ఆ ప్రశ్న వల్లే ఆయనకి ఆ పేరు. అసలు పేరు జీతాల సెక్షన్‌కి తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు. ఆయన పక్క టేబుల్ నాది. నేను చేరిన మొదటి వారంలోనే ఎంతో ముచ్చటపడి గీసుకున్న బొమ్మ చూపిస్తే, కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, దగ్గరగా వంగి చూసి, "బాగుందమ్మాయ్. మొగ్గ విచ్చుకున్నట్టుంది. గోడెక్కడ?" అన్నాడు. నేను గోడ గీయలేదు. గోడ గీశాక ఆ మొగ్గలో సగం గోడ అవతల ఉందని తేలింది.

మేము పనిచేసేది ఒక స్టోరేజ్ రింగు దగ్గర. మణికట్టంత లావున్న స్టీలు గొట్టం ఒక ఆటస్థలమంత మేర చుట్టూ తిరిగి, మళ్ళీ తన మొదలునే కలుసుకుంటుంది. అందులో గాలి ఉండదు. ఎలక్ట్రాన్లు గంటల తరబడి కాంతి వేగానికి దగ్గరగా తిరుగుతూ ఉంటాయి. అయస్కాంతాలు వాటిని వంచినప్పుడల్లా అవి వెలుగు చిమ్ముతాయి. ఆ వెలుగు కోసమే ఇంత హంగామా. మందుల వాళ్ళు, లోహాల వాళ్ళు, బ్యాటరీల వాళ్ళు వచ్చి తమ సరుకు లోపల ఏముందో ఆ వెలుగులో చూసుకుపోతారు.

ఎలక్ట్రాన్లు బుద్ధిగా నడవవు. ప్రతిదీ కాస్త అటూ ఇటూ ఊగుతూనే పోతుంది. ఆ ఊగుడు అదుపులో ఉంటే బీమ్, అంటే ఆ ఎలక్ట్రాన్ల ధార, నిలకడగా ఉన్నట్టు. చుట్టు చుట్టుకీ పెరిగితే ఎప్పుడో గొట్టం గోడకి తగిలి ఆగిపోతుంది. నా మొగ్గ బొమ్మలో లేనిదీ, బాబాయ్ అడిగేదీ ఆ గోడే. ఏది జరుగుతుందో ముందే తెలుసుకోవడానికి కంప్యూటర్లో ఒక ఉత్తుత్తి రింగు కడతాం. అందులో వేలకొద్దీ ఉత్తుత్తి కణాలని వదిలి తిప్పుతాం. ఎన్ని మిగిలాయో, పోయినవి ఎక్కడ పోయాయో చూస్తాం. రింగు పునాదులు తవ్వుతున్న రోజుల నుంచీ బాబాయ్ చేసింది ఆ పనే.

"మా నాన్న ఊరి చుట్టూ తిరిగే బస్సులో కండక్టరు," అనేవాడు కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరితోనూ. "ఎక్కినవాళ్ళెంతమంది, దిగినవాళ్ళెంతమంది, ఎక్కడ దిగారు, ఇదే ఆయన లెక్క. నాదీ అదే. కాకపోతే నా బస్సులోంచి దిగినవాడు మళ్ళీ ఎక్కడు." చెప్పి తనే నవ్వుకునేవాడు. పాత జోకు అని అందరికీ తెలుసు. అయినా నవ్వేవాళ్ళం. మనిషి అంత నెమ్మది. ఏసీ చలికి ఎండాకాలంలో కూడా మోచేతుల దగ్గర చిల్లులు పడ్డ గోధుమరంగు స్వెట్టరుతో కూర్చునేవాడు. ఒక్క కూతురు. చెప్పుల షాపులో మేనేజరుగా చేసేది. "మా ఇంట్లో నేలమీద నడిచే ఉద్యోగం దానిదొక్కదానిదే" అనేవాడు.

ఆయన భార్య కూడా అక్కడే పనిచేసేది. రింగుకి ఆ పక్కన రేకుల కప్పు హాలు ఆమెది. వర్క్‌షాపు వాళ్ళకి ఆమె మాగ్నెట్ అక్క. బాబాయ్ భార్య కాబట్టి నాకు పిన్ని. బాబాయ్ మాత్రం "మేస్త్రీ" అని పిలిచేవాడు. నలుగురిలో ఉన్నప్పుడు ఆమె ఆయన్ని "మీరు" అనేది, కోపమొస్తే "నువ్వు". వాళ్ళ పరిచయమే పోట్లాటతో మొదలైందట. ఏదో అయస్కాంతాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా బిగించాలని బాబాయ్ లెక్కలో రాస్తే, ఆమె స్పానర్ చేత్తో పట్టుకునే ఈయన గదికి వచ్చి, "మీరొచ్చి బిగించండి, నేనీ కుర్చీలో కూచుంటా" అందట.

పిన్ని ఎడమచేతి చూపుడువేలి చివర లేదు. అది పోయిన కథే మిగిలిన కథకి మొదలు.

వెలుగు ఇంకా ఎక్కువ కావాలని వాడకందార్లు అడగడంతో రింగులో ఒకచోట కొత్త పరికరం పెట్టాలనుకున్నారు. పైన ఒక వరస అయస్కాంతపు బిళ్ళలు, కింద ఒక వరస. ఒక్కో బిళ్ళ సబ్బు ముక్కంత. వరస పొడవు ఇద్దరు మనుషులు ఒకరి తల దగ్గర ఒకరు కాళ్ళు చాపుకున్నంత. రెండు వరసల మధ్యనుంచి బీమ్ పోతుంది. వరసల్ని ఎంత దగ్గరగా తెస్తే వెలుగు అంత ఎక్కువ. పనివాళ్ళు దాన్ని 'దవడ' అనేవారు. దవడ పూర్తిగా మూస్తే సందు చిటికెనవేలంత. వరసలు రెండూ, అక్కడ వెడల్పు చేసిన గొట్టం లోపలే, బీమ్‌కి ఎదురుగా ఉంటాయి. మధ్యలో అడ్డం ఏమీ ఉండదు.

ఆ దవడని బయట కొనకుండా పిన్ని కట్టింది. ప్రతి బిళ్ళ బలం కొలిచి, దేని పక్కన దేన్ని పెడితే తేడాలు సరిపోతాయో చూసి, ఒక్కొక్కటే చేత్తో అమర్చింది. ఆ బిళ్ళలు ఒకదాన్నొకటి లాక్కునే తీరు చూస్తేగానీ నమ్మలేం. ఒకరోజు రెండు బిళ్ళలు చటుక్కున అంటుకున్నాయి. మధ్యలో ఆమె వేలుంది. ఆస్పత్రి నుంచి వచ్చి వేలికి కట్టుతోనే మళ్ళీ హాలుకి వెళ్ళింది. "మిగతా తొమ్మిదున్నాయిగా" అందట సూపర్‌వైజరుతో.

దవడని రింగులో పెట్టేముందు బాబాయ్ లెక్క కావాలి. అంత ఇరుకు సందులోంచి బీమ్ నిలకడగా పోతుందా? అంచుల్లో ఊగే కొన్ని కణాలు ఎప్పుడూ పోతూనే ఉంటాయి, అవి ఎక్కడ పడతాయి? ఆ బిళ్ళలు ఎలక్ట్రాన్ దెబ్బకి తట్టుకోలేవు. తగిలే కొద్దీ వాటి అయస్కాంత బలం చస్తుంది. మళ్ళీ రాదు. అందుకే దవడ దాటగానే, అంతే ఇరుకు సందుతో ఒక రాగి దిమ్మ పెట్టారు. దెబ్బలు తినడానికే పెట్టిన దిమ్మ అది.

ఆ లెక్క తేలిన రోజు క్యాంటీన్‌లో నేనూ వాళ్ళతో ఉన్నాను. పిన్ని టీలో బిస్కెట్ ముంచి, అది విరిగి కింద పడిపోతున్నా చూసుకోకుండా అడిగింది.

"నా దవడల మీద పడవు కదా?"

"పడవు మేస్త్రీ. పోయేవి ఎటూ పోతాయి. అన్నీ రాగి మీదే."

"అన్నీనా?"

"అన్నీ. గోడ సరిచూశా. సందు ఎంతుందో నీ డ్రాయింగులోంచే తీసుకున్నా. బీమ్ నిలకడగానే ఉంది."

"సరే అయితే," అని ఆమె టీ తాగేసింది. ఇంకేమీ అడగలేదు. గ్లాసు అడుగున మిగిలిన బిస్కెట్ ముద్దని బాబాయ్ చెంచాతో తీసి తినేశాడు.

దవడ మూశారు. వెలుగు నిజంగానే పెరిగింది. వాడకందార్లు వరస కట్టారు. బాబాయ్ గీసిన బొమ్మని ఎవరో పెద్దదిగా ప్రింటు తీసి వరండాలో అంటించారు. రింగు పొడవునా అడ్డంగా గీత, పోయిన కణాలు చూపించే కడ్డీలు. ఎక్కడా ఏమీ లేక, రాగి దిమ్మ దగ్గర మాత్రం ఒక్క కడ్డీ తాటిచెట్టులా లేచి నిలబడింది.

కొన్ని నెలలకి వెలుగు తగ్గడం మొదలైంది. ముందు ఆ వెలుగుని మళ్ళించే అద్దాల మీద అనుమానపడ్డారు. అద్దాలు మార్చారు. తరువాత రింగు ఆపి, సన్నటి కొలత తీగని దవడ పొడవునా నడిపారు. అయస్కాంత బలం పడిపోయింది. ప్రవేశం వైపు పరవాలేదు. బీమ్ బయటికి పోయే వైపు పాడైంది. ఆ కొలత తీసింది కూడా పిన్నే. కాగితం మీద గీత కిందికి వంగుతుంటే తీగ సరిగా బిగించలేదేమోనని విప్పి మళ్ళీ బిగించిందని ఆమె హెల్పరు చెప్పింది. రెండోసారీ గీత అక్కడే వంగింది.

కమిటీ వేశారు. ఆ బిళ్ళల బలం చచ్చేది రెండు రకాలుగా. ఒకటి ఎలక్ట్రాన్ దెబ్బ. రెండోది వేడి. దవడని రింగులో పెట్టేముందు, లోపల అంటుకున్న గాలిని వెళ్ళగొట్టడానికి హీటర్ టేపు చుట్టి వేడిచేస్తారు. ఆ పని పిన్నిది. బయటికి పోయే వైపు గాలి మొండికేస్తుందని ఆమె అటు టేపు ఇంకో చుట్టు వేసింది. దాచలేదు కూడా. అడగ్గానే చెప్పింది.

ఇక తేల్చుకోవాల్సింది మొదటి కారణం. అది కాకపోతే వేడే. కమిటీ పెద్ద వాక్యూమ్ విభాగంలో పండిపోయిన మనిషి. మాట మర్యాద. వరండాలోని బొమ్మని బల్ల మీద పరిచి బాబాయ్‌ని పిలిపించాడు. గ్రూపు తరఫున నేనూ వెళ్ళాను. పిన్ని బల్లకి ఆ చివర కూర్చుంది.

"ఇది మీదే కదండీ?"

"నాదే సార్."

"దీని ప్రకారం దవడ మీద ఏమీ పడట్లేదు."

"అవును సార్."

"మళ్ళీ చూశారా?"

"చూశాను సార్. కణాల్ని పెంచి, చుట్లు పెంచి చూశా. అదే వస్తోంది."

"రాగి దిమ్మ దగ్గర పెట్టిన రేడియేషన్ మీటరు కూడా మోగుతోందని రిపోర్టు ఉంది. అంటే మీ లెక్కే ఖాయం. నేను ఒక్కటే అడుగుతా. మీ ఇంటి మనిషి సంగతి కాబట్టి ఆలోచించి చెప్పండి. ఈ బొమ్మ కరెక్టేనా?"

బాబాయ్ బొమ్మకేసి చూశాడు. ఆ చివర కూర్చున్న భార్యకేసి చూడలేదు. "కరెక్టే సార్," అన్నాడు.

అబద్ధం చెప్పలేదు. భార్య కోసం ఒక్క మాట వంచి చెప్పినా ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదేమో. ఆయనకది చేతకాదు. అడిగినదానికి తెలిసినంత మేర నిజం చెప్పాడు. ఆ నిజంతోనే పిన్ని మీద నింద ఖాయమైంది. కంచె చేను మేసిందని క్యాంటీన్‌లో ఎవరో అన్నారు. వినపడేలాగే అన్నారు.

పిన్నిని దవడ పనిలోంచి తీసి కేబుళ్ళ స్టోరుకి మార్చారు. ఇకముందు దవడలు బయట కొంటారన్నారు. హాలుకి తాళం వేశారు.

ఆ తరువాత వాళ్ళిద్దరూ క్యాంటీన్‌కి రావడం మానేశారు. ఒక మధ్యాహ్నం నేనే అన్నం డబ్బా పట్టుకుని స్టోరుకి వెళ్ళాను. పిన్ని కేబుల్ చుట్టల మధ్య స్టూలు మీద కూర్చుని ఉంది. చేతిలో ఏమీ లేదు.

"బాబు ఎలా ఉన్నాడే?" అంది, మా వాడి గురించి.

"జలుబు పిన్నీ. రాత్రంతా ముక్కు మూసుకుపోయి గురక. ఊపిరి ఆడుతోందో లేదోనని వేలు పెట్టి చూస్తూ కూర్చున్నా."

"అందరం అంతే." ఖాళీ చేతులు చూసుకుంటూ, "టేపు ఇంకో చుట్టు వేశాక థర్మామీటరు అటువైపు పెట్టానా, ఇటువైపు పెట్టానా?" అంది. నన్ను అడగడం కాదు. "అటే పెట్టాననుకుంటున్నా. కానీ పెడుతున్నట్టు గుర్తు రావట్లేదు. చెయ్యి గుర్తుకొస్తోంది, థర్మామీటరు గుర్తు రావట్లేదు."

"బాబాయ్ ఏమంటాడు?"

"ఏమంటాడు. లెక్క అలా చెప్తోంది అంటాడు. ఆయన లెక్క తప్పవదు. అంటే నేనే వండేసుంటా నా బిళ్ళల్ని." వేలి మొండిని ఇంకో చేత్తో రుద్దుకుంటూ, "ఎవరో వచ్చి తిడితే బావుణ్ణు. ఎవరూ తిట్టట్లేదు" అంది.

ఆమె చిక్కిపోయింది. స్టోరులో ఒకే కేబుల్‌ని చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టేదని హెల్పరు చెప్పేది. ఆమెకి కావలసింది ఉద్యోగం కాదని నాకప్పుడు అర్థమైంది. తన చేతులు ఆ పని చేశాయా లేదా అన్నది తెలియాలి. తెలియకుండా ఆమె ఆ రెండు చేతుల్నీ రోజూ ఇంటికి తీసుకెళ్ళి వంట చెయ్యాలి.

బాబాయ్ ఏమీ బయటపడేవాడు కాదు. "గోడెక్కడ" అని అడగడం మాత్రం మానేశాడు. ఎవరు ఏ బొమ్మ పెట్టినా చూసి ఊరుకునేవాడు.

ఇలా ఉండగా ఒక ఉదయం మా బాబు మేడమెట్ల మీద పడ్డాడు. నేను చెంబు కడిగి పెట్టేలోపు జరిగింది. వెళ్ళి చూస్తే మెట్ల కింద చాప మీద కూర్చుని ఏడుస్తున్నాడు. నుదుటి మీద బొప్పి. డాక్టరు చూసి పరవాలేదన్నాడు. నేను వాణ్ణి మా అమ్మకి అప్పగించి ఆఫీసుకి వచ్చి బాబాయ్‌కి చెప్పాను.

"చాప ఉందిగా కింద. మెత్తగా పడుంటాడు," అన్నాడు బాబాయ్.

"అందరూ అదే అంటున్నారు బాబాయ్. డాక్టరు ఎక్కడ పడ్డాడని అడిగితే నేనూ చాప మీద అనే చెప్పా. వచ్చేముందు చూస్తే బొప్పి మధ్యలో సన్నగా అడ్డగీత ఉంది. చాపకి అంచెక్కడిది? మెట్టుకుంది. మధ్యలో ఏదో మెట్టుకి కొట్టుకుని దొర్లుతూ కిందికొచ్చాడు. నేను చూసింది కింద దొరకడం. పడడం ఎవరు చూశారు?"

"సాయంత్రం మళ్ళీ డాక్టరుకి చూపించు. గీత సంగతి చెప్పు," అన్నాడు. అని తన పనిలో పడ్డాడు. నేను ఫోను తెర పైకి ఉండేలా పక్కన పెట్టుకుని నా పని చూసుకున్నాను.

భోజనాలయ్యాక ఆయన నా కుర్చీ వెనక నిలబడి ఉన్నాడని ఎప్పుడు గమనించానో గుర్తులేదు.

"అమ్మాయ్. మన ప్రోగ్రాము గోడని ఎక్కడెక్కడ చూస్తుంది?"

"ప్రతి భాగం దగ్గరా."

"భాగంలో ఎక్కడ?"

నేను ప్రోగ్రాము తెరిచాను. అది ఆయన కుర్రతనంలో రాసిందే. కణం ఒక భాగంలోకి అడుగుపెట్టేటప్పుడు గోడ దాటి ఉందా అని చూస్తుంది. లేకపోతే ఆ భాగాన్ని ఒక్క గెంతులో దాటిస్తుంది. మళ్ళీ తరువాతి భాగం గుమ్మంలోనే చూస్తుంది. ఆ రోజుల్లో కంప్యూటర్లు నత్తలు, గొట్టం అంతటా వెడల్పు. గుమ్మాల దగ్గర చూస్తే సరిపోయేది. తరువాత ఆ సంగతి ఎవరూ తలుచుకోలేదు. దవడ ఒక్కటే భాగం. మొత్తం పొడవు ఒకే గెంతు. గుమ్మంలో ఇమిడి, లోపల పక్కకి జరిగి, మధ్యలో ఎక్కడో గోడ దాటేసిన కణం దొరికేది తరువాతి గుమ్మంలోనే. ఆ తరువాతి గుమ్మం రాగి దిమ్మది.

"కింద దొరికారు," అన్నాడు బాబాయ్. "నేను కింద పడ్డారని రాసుకున్నాను."

"మీటరు కూడా రాగి దగ్గరే మోగిందిగా బాబాయ్."

"పక్కపక్క ఇళ్ళు. గొడవ ఎవరింట్లోనో వీధిలోవాడికేం తెలుస్తుంది?"

దవడని సన్నటి ముక్కలుగా కోసి, ప్రతి ముక్క దగ్గరా గోడ చూసేలా ప్రోగ్రాము మార్చాం. లెక్క నడవడానికి వారం పైనే పట్టింది. ఆ వారమంతా ఆయన ఇంట్లో ఏమీ చెప్పలేదట. "ఇంకోసారి తప్పు మాట చెప్పలేను దానికి" అన్నాడు. చివరికి బొమ్మ వచ్చింది. పోయిన కణాల మొత్తం దాదాపు అంతే. బీమ్ నిలకడ గురించి ఆయన చెప్పింది అక్షరాలా నిజమే. అందుకే ఏ పరీక్షలోనూ పట్టుబడలేదు. కానీ రాగి మీది తాటిచెట్టు విరిగిపోయింది. దాని బదులు దవడ లోపల, ప్రవేశం వైపు ఏమీ లేక, పోను పోను పెరుగుతూ, బయటికి పోయే వైపు గుంపుగా కడ్డీలు లేచాయి. పిన్ని కొలిచిన గీతని తెచ్చి దాని కింద పెట్టాను. ఎక్కడ కడ్డీ లేచిందో అక్కడే గీత వంగింది.

బాబాయ్ రెండింటినీ చూసి స్వెట్టరు విప్పి కుర్చీకి తగిలించాడు. ఆయన్ని స్వెట్టరు లేకుండా చూడడం అదే మొదటిసారి. చొక్కాలో చాలా చిన్నగా ఉన్నాడు.

ముందు కమిటీ పెద్ద దగ్గరికి కాదు, స్టోరుకి వెళ్ళాడు. నన్ను కూడా రమ్మన్నాడు. ఒక్కడే వెళితే నోరు పెగలదని కాబోలు. కేబుల్ చుట్ట మీద రెండు కాగితాలూ పరిచి చెప్పాడు. పిన్ని పాత గీతని గుర్తుపట్టింది. కొత్త కడ్డీల మీద వేలి మొండి పెట్టి అటునుంచి ఇటు నడిపింది.

"అయితే వేడి కాదా?"

"కాదు మేస్త్రీ. నీ వేడి సరిగ్గానే ఉంది. తప్పు నాది."

ఆమె మొహంలో వెలుగు వస్తుందని నేను ఎదురుచూశాను. రాలేదు.

"ఆ గదిలో పెద్దాయన కరెక్టేనా అనడిగితే, కరెక్టే అన్నావు," అంది. నా ఎదురుగానే "నువ్వు" అంది.

"అప్పటికి నాకు కరెక్టే."

"నాక్కూడా. అదే చెప్తున్నా. నువ్వన్నావని నా చేతుల్నే నేను నమ్మలేదు." కాగితాలు మడిచి ఆయన చేతికిచ్చింది. "వెళ్ళి పెద్దాయనకి చెప్పు. నా కోసమని చెప్పకు. మిగతా బిళ్ళలు కూడా చస్తున్నాయి, దవడ తెరవమని చెప్పు."

కమిటీ పెద్ద ఒకటికి రెండుసార్లు చూసి ఒప్పుకున్నాడు. దవడ తెరిపించాడు. అప్పటికే ఆలస్యమైంది. చచ్చిన బిళ్ళలు చచ్చినట్టే. దాన్ని రింగులోంచి బయటికి తీశారు. విప్పే పని పిన్నికే ఇచ్చారు. లోపలి లోహం రేడియేషన్ పట్టి ఉండడంతో మందపాటి గ్లవ్స్ వేసుకుని, ఒక్కో బిళ్ళనీ తీసి సీసపు పెట్టెలో పెట్టాలి. అమర్చినప్పుడు గ్లవ్స్ లేకుండా అమర్చింది. ఒక వేలి చివర ఖాళీగా ఉన్న గ్లవ్ అడ్డొస్తుంటే దాన్ని ముడేసి కట్టుకుంది. హాలు గుమ్మం దగ్గర గీసిన పసుపు గీత దాటి బాబాయ్‌ని రానివ్వలేదు. ఆ విప్పడం పూర్తయ్యేదాకా ఆయన భోజనం వేళల్లో వచ్చి ఆ గీత ఇవతల నిలబడి వెళ్ళేవాడు. ఆమె తల తిప్పేది కాదు. తిప్పకూడని పని కూడా అది.

తరువాత కమిటీ పెద్ద ఆమెని పిలిచి, రికార్డులో ఆమె పేరు మీద ఏమీ ఉండదనీ, కొత్త దవడ ఆమే కట్టాలనీ అన్నాడు. బయట కొనడం మానుకున్నారట. ఆ సమావేశంలో మేమందరం ఉన్నాం. బాబాయ్ కూడా.

"కడతాను సార్. ఒక్కటే అడుగుతా," అంది పిన్ని. "లెక్క ఆయన చెయ్యకూడదు."



"ఇప్పుడా పొరపాటు దిద్దుకున్నారు కదమ్మా," అన్నాడు పెద్దాయన. "ఇకముందు ఆయనకంటే జాగ్రత్తగా చేసేవాళ్ళుండరు."

"నిజమే సార్. కోపంతో అనట్లేదు. ఆయన చెప్తే నేను మళ్ళీ అడగను. ఇన్నేళ్ళూ అడగలేదు, ఇకముందూ అడగలేను. అలవాటైపోయింది. అడగనివాళ్ళకి ఆయన లెక్క చెయ్యకూడదు."

పెద్దాయన బాబాయ్ వైపు చూశాడు. బాబాయ్ తలూపాడు. లేవబోయి, కుర్చీ వెనక్కి లాగడం మరిచిపోయి బల్లకి మోకాలు కొట్టుకున్నాడు.

లెక్క నాకొచ్చింది. ఆయనకి రింగు మిగతా భాగాలు మిగిలాయి. వాటిలో ప్రమాదం ఏమీ లేదు. బాబాయ్, పిన్ని ఇద్దరూ ఒకే బస్సులో వచ్చి ఒకే బస్సులో వెళుతున్నారు. గేటు దగ్గర ఆమె గొడుగు ఆయన పట్టుకుంటాడు. మాట్లాడుకోవడం మాత్రం నేను చూడలేదు.

కొత్త దవడ బిళ్ళలు వచ్చాక పిన్ని ఒకరోజు నా టేబుల్ దగ్గరికి వచ్చింది. స్టూలు లాక్కుని కూర్చుంది. పక్క టేబుల్ దగ్గర బాబాయ్ మాకు వీపు పెట్టి తన తెరకేసి చూస్తున్నాడు.

"ఎన్ని ముక్కలు చేశావే?"

చెప్పాను.

"ఇంకా సన్నగా చేస్తే మారుతుందా?"

"మారలేదు పిన్నీ, చూశా."

"ఎవరు చూశారు? నువ్వొక్కదానివేనా?"

"ఇంకొకళ్ళు కూడా చూశారు."

"సందు కొలత ఎక్కణ్ణుంచి తీసుకున్నావ్? డ్రాయింగులోంచా, కొలిచిందా? బిళ్ళ కాస్త వంకరగా కూచుంటే? వేడికి పొడుగు సాగితే? మీటరు రాగి దగ్గరొక్కటేనా, లోపలి వైపు కూడా పెట్టించావా?"

ఒక్కోదానికీ జవాబు చెబుతూ పోయాను. తెలియని చోట తెలియదన్నాను. ఆమె కాగితం మీద రాసుకుంది. నా ఫోను ఒకసారి మోగింది. బాబు అన్నం తిన్నాడని మా అమ్మ. పెట్టేశాను. పిన్ని అడగడం ఆపలేదు. ఏ జవాబూ ఆమెకి చాలినట్టు లేదు. చాలకపోవడమే మంచిదని నాకూ తెలుసు.

పక్క టేబుల్ దగ్గర బాబాయ్ చాలాసేపటిగా ఒక్క మీటా నొక్కలేదు. స్వెట్టరు మోచేతి చిల్లులోకి వేలు పెట్టి తిప్పుతూ, ప్రతి ప్రశ్నా వింటున్నాడు. వాటిలో ఒక్కటి కూడా ఆమె ఆయన్ని ఎప్పుడూ అడగలేదు.